మడత పడ్డ పాట

ఇది ఒక మహాగాథ. సంగీతం, గణితం, నేత అనే మూడు నదులు కలిసే చోట ఒక యువకుడు తన భవిష్యత్తునంతా పణంగా పెట్టి నిలబడిన వృత్తాంతం. ఇందులో మాట్లాడని యంత్రం ఉంది, నరసింహస్వామి మీద పాట ఉంది, ఒక తల్లి ఉంది, నోరు తెరుచుకుని ఎదురుచూసే ఒక గుంత కూడా ఉంది.

ఇంతవరకు రాసి మా ఇంటావిడకు వినిపించాను. "గా గుడ్డ ముచ్చటేనా?" అని అడిగి, పొయ్యి మీద పాలు చూసుకోవడానికి లేచి వెళ్ళింది.

అవును, ఆ గుడ్డ ముచ్చటే. మహాగాథ కాదు. నది ఒక్కటి కూడా లేదు. గుంత మాత్రం నిజం.

అరవయ్యో దశకం చివరి మాట. హైదరాబాదులో ఒక సంస్థకు కంప్యూటర్ వచ్చింది. సంస్థ పేరు చెప్పను. చెప్పినా లాభం లేదు, ఇప్పుడు ఆ గదిలో సైకిళ్ళు పెట్టుకుంటున్నారు. ఇప్పటి పిల్లలు జేబులో వేసుకు తిరిగేదాన్ని అప్పట్లో ఒక హాలు నిండా పరిచారు. దానికి చల్లగాలి కావాలి, దుమ్ము పడకూడదు, చెప్పులు బయట విడవాలి. యాదగిరిగుట్ట మీద కూడా అంత మడి నేను చూడలేదు. అక్కడ కనీసం కొబ్బరి ముక్క పెడతారు.

నేను నల్లగొండ జిల్లా నేతగాళ్ళ ఇంటి పిల్లవాణ్ని. లెక్కల్లో డిగ్రీ ఉంది. ఆ డిగ్రీ చూసి నన్ను తాత్కాలిక సహాయకుడిగా తీసుకున్నారు. నా హోదా ఇంగ్లీషులో చెబితే చాలా పొడుగ్గా ఉండేది. పని మాత్రం పొట్టిది. పంచింగ్ గదిలో బెజ్జాలు కొట్టిన కార్డుల పెట్టెను యంత్రం దగ్గరికి మోయడం, యంత్రం అచ్చు వేసిన కాగితాన్ని ఆఫీసరు బల్ల దగ్గరికి మోయడం. మా ఊళ్ళో అడిగితే బాపు, "మావోడు కంపూటరు నడుపుతున్నడు" అని చెప్పేవాడు. గాడిదను నడిపేవాడికీ గాడిదకూ మధ్య నా స్థానం ఎక్కడో నాకే స్పష్టంగా తెలిసేది కాదు.

ఇక గుంత సంగతి. మా ఇంట్లో రెండు గుంత మగ్గాలు. ఒకదాంట్లో బాపు కాళ్ళు పెట్టుకుని నేసేవాడు. రెండోది తాతది, ఆయన పోయాక ఖాళీ. అమ్మ దాన్ని రోజూ ఊడ్చేది. నేను సెలవుకు వచ్చిన ప్రతిసారీ కావాలని నా ముందే ఊడ్చేది. ఉద్యోగం తాత్కాలికం కాబట్టి, గుంత శాశ్వతం కాబట్టి, లెక్క ఎటు తేలుతుందో ఆమెకు తెలుసు. నాకు నేత అంటే చులకన కాదు. నేతకే నేనంటే చులకన. చిన్నప్పుడు నేను నేసిన తువ్వాలు ఒకటి ఇంట్లో చాలా ఏళ్ళు ఉంది. వేడి గిన్నెలు దించడానికి వాడేవాళ్ళు, ఎందుకంటే తడి పీల్చేది కాదు.

మా ఆఫీసరుకు సంగీతం పిచ్చి. మద్రాసులో చదివి వచ్చిన మనిషి, పుస్తకం తెరిచినట్టు మాట్లాడేవాడు. పగలంతా యంత్రం చేత వానల లెక్కలు వేయించి, సాయంత్రం అందరూ పోయే ముందు ఒక గంట తన సొంత ప్రోగ్రాం రాసుకునేవాడు. ఒకరోజు నన్నూ, పంచింగ్ గదిలో పనిచేసే అక్కనూ పిలిచి కూర్చోబెట్టాడు. ఆ అక్క షాద్‌నగర్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. రైలు ఆలస్యమైన రోజు ఆమె నోటికి ఎవరూ ఎదురుపడేవారు కాదు. ఆ రోజు రైలు ఆలస్యమైంది.

"సంగీతాన్ని చెవితోనే ఎందుకు వినాలి?" అన్నాడు ఆఫీసరు. "కంటితో ఎందుకు వినకూడదు?"

"కంటితోని విన్నంక చెవుల పనేంది సారూ?" అంది అక్క. "కళ్ళజోడు ఆపుకోనీకేనా?"

ఆఫీసరు కళ్ళజోడు సరిచేసుకుని ముందుకు పోయాడు. ఆయన గొప్పతనం అదే. ఎవరు ఏమన్నా ముందుకు పోయేవాడు.

ఆయన ఊహ చెబుతాను, కష్టం కాదు. పాటలో ప్రతి స్వరానికీ ఒక అంకె. ఆ అంకెలు కార్డుల మీద బెజ్జాలు. యంత్రం ఆ బెజ్జాలు చదివి కాగితం మీద నక్షత్రాలు అచ్చు వేస్తుంది. స్వరం కింద ఉంటే నక్షత్రాలు ఎడమ పక్కన, పైకి పోయేకొద్దీ కుడి పక్కకు. స్వరం ఎంతసేపు నిలిస్తే అన్ని వరుసలు. పాట నడిచినకొద్దీ కాగితం కిందికి దిగుతుంది. పాట అయిపోయేసరికి పొడుగాటి కాగితం మీద ఒక బొమ్మ. అది కొండా కాదు, వాగూ కాదు, మనిషీ కాదు. దేని బొమ్మా కాకపోవడమే దాని విశేషమని ఆఫీసరు చెప్పాడు. అట్లాంటివి తన కొడుకు గోడ మీద రోజూ వేస్తాడని అక్క చెప్పింది.

పాట కావాలి. మా ఊరి భజన మండలిలో హార్మోనియం వాయించే పంతులు ఉన్నాడు. గుట్ట మీది స్వామి మీద సొంతంగా పాట కట్టాడని, దానికి మెట్టు మెట్టుకూ ఒక మలుపు ఉంటుందని నేనే నోరు జారాను. ఆ ఆదివారమే ఆఫీసరు టేపు రికార్డరు పెట్టెను నా నెత్తిన పెట్టి మా ఊరికి బయల్దేరాడు.

పంతులుకు విషయం చెబితే మొదట భయపడ్డాడు.

"నా పాటకు బెజ్జాలు గొడ్తరా?"

"పాటకు కాదు పంతులూ, అట్టలకు," అన్నాను.

"బెజ్జాలల్లకెళ్ళి స్వరాలు కారిపోతే?"

"కారితే మిషన్లనే పడ్తయి. ఫికర్ జెయ్యకు."

ఆఫీసరు ఎంతో ఓపికతో ఆయనకు ఎడమ అంటే కింద, కుడి అంటే పైన అని కాగితం మీద గీసి చూపించాడు. పంతులు కాగితం చూసి వేళ్ళు అటూ ఇటూ కదిలించి, "హార్మోనియం మెట్లే గదా" అన్నాడు. మేం కంప్యూటర్ సంస్థలో ఒక పూట తర్జనభర్జన పడి కనిపెట్టిన సూత్రం అది. ఆఫీసరు మొహం కొంచెం చిన్నబోయింది గానీ పంతులు పాట మొదలుపెట్టగానే అంతా మరిచిపోయాడు. కళ్ళు మూసుకున్నాడు. టేపు తిరుగుతున్నదో లేదో నేను చూస్తూ కూర్చున్నాను. ఇద్దరూ కళ్ళు మూసుకుంటే పని జరగదు.

మొదటిసారి యంత్రం అచ్చు వేసిన కాగితం ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా నక్షత్రాలతో నల్లగా వచ్చింది. చోటు విడవకుండా వచ్చింది. కారణం వెతికితే, పాట కింద మోగుతూనే ఉండే శ్రుతికి కూడా ఆఫీసరు నక్షత్రాలు కేటాయించాడు. శ్రుతి ఆగదు కాబట్టి నక్షత్రాలూ ఆగలేదు.

"ఇది పాట గాదు సారూ, బొంత," అంది అక్క.

శ్రుతిని తీసేశారు. రెండోసారి బొమ్మ వచ్చింది. నిజం చెప్పాలంటే బాగుంది. పల్లవి దగ్గర నక్షత్రాలు ఎడమ పక్కన గుంపుగా కూర్చుని, ఒకటి రెండు లేచి కుడికి వెళ్ళి చూసి వచ్చేవి. చరణంలో మొత్తం గుంపు లేచి కుడి అంచు దాకా పోయేది. నాకు బాగుందని అక్కకు చెప్పలేదు. అక్క కూడా నాకు చెప్పలేదు. కానీ ఆ రోజు రైలుకు టైమైనా ఆమె ఇంకా కాగితం చూస్తూ నిలబడింది.

అప్పుడు ఆఫీసరు అసలు మాట బయటపెట్టాడు. కాగితం చిరిగిపోతుంది. ఇది గుడ్డ మీద రావాలి. సంస్థ పెద్దసారు కుటుంబంతో గుట్టకు దర్శనానికి వస్తున్నాడు, దారిలో మా ఊళ్ళో ఆగి చూస్తాడు. ఆయనకు నచ్చితే ఇట్లాంటి పనికి ఒక విభాగం పెడతారు, అందులో నాకు పక్కా ఉద్యోగం. నచ్చకపోతే నా తాత్కాలిక గడువు ఎట్లాగూ ఆ నెలాఖరుతో తీరిపోతుంది.

"మీ వాళ్ళు చుక్కలు చూసి బొమ్మ నేస్తారట కదా?" అన్నాడు.

నేస్తారు. నూలును ముందే బొమ్మ ప్రకారం అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. విప్పి మగ్గానికెక్కించి నేస్తే బొమ్మ బయటికి వస్తుంది. మా దగ్గర కట్టే పని ఆడవాళ్ళది, నేసే పని మగవాళ్ళది, పొగడ్త దుకాణందారుది.

కాగితం తీసుకుని ఇంటికి వెళ్ళాను. బాపు దాన్ని వాకిట్లో పరిచి చాలాసేపు చూశాడు.

"ఏందిరా గిది? చీమలు వారినట్లున్నది."

"పాట, బాపూ."

"పాటనా?" చెవి దగ్గర పెట్టుకోలేదు గానీ పెట్టుకునేంత వంగాడు. "మరి ఎన్ని రంగులంటడు మీ సారు?"

"ఏడు. స్వరాలు ఏడు గదా."

"ఒకటి జేస్త. ఎరుపు. తెలుపు ఉట్టిగనే వస్తది."

ఆ విధంగా సప్తస్వరాలు ఎరుపుకు, తెలుపుకు కుదిరాయి. ఆఫీసరుకు ఉత్తరం రాస్తే, అది మరీ మంచిదని, నిరాడంబరంగా ఉంటుందని జవాబు వచ్చింది. ముందుకు పోయే మనిషి అని చెప్పాను కదా.

అమ్మ నూలుకు కట్లు కట్టడానికి పాత సైకిలు ట్యూబును సన్నటి పేలికలుగా కోస్తూ అడిగింది, "పాటను కట్టుడెందుకురా? పాడుకుంటే అయిపోదా?"

"పెద్దసారు చూడాలంటనే."

"చూసి?"

"చూస్తే నా నౌకరి పక్కా అయితది."

అమ్మ ఖాళీ గుంత వైపు ఒకసారి చూసింది. అందులో ఆశ ఉన్నదో బెంగ ఉన్నదో నేను చెప్పలేను. "అయితే గట్టిగ కడ్త తియ్" అంది. ఆమె ఆ మాట నిలబెట్టుకుంది. అసలు చిక్కు కూడా ఆ కట్టడంలోనే వచ్చింది.

నేను హైదరాబాదు వెళ్ళిపోయాను. గుడ్డ అయిపోయిందని కబురు వచ్చినప్పుడు ఆఫీసరు ఒక ఆజ్ఞ వేశాడు. పెద్దసారు వచ్చేదాకా ఎవరూ విప్పి చూడకూడదు. మొదటిసారి అందరం కలిసి చూడాలి. ఇట్లాంటి ఆజ్ఞలు నాటకాల్లో బాగుంటాయి. ఉద్యోగంలో ముందే ఒకసారి చూసుకోవడం మంచిది.

ఆ రోజు పొద్దున నేత సంఘం హాల్లో ఏర్పాటు చేశాం. గోడ పొడుగునా తాడు కట్టాం. ఒక మూల టేపు రికార్డరు, దాని పక్కన గోడకు స్విచ్చు, స్విచ్చు పక్కన నేను. అక్క కార్డుల పెట్టె పట్టుకుని వచ్చింది, యంత్రం రాలేదు కాబట్టి దాని తరఫున. పంతులు కొత్త ధోవతి కట్టుకుని, తన పాట తానే వినడానికి ముందు వరుసలో కూర్చున్నాడు. పెద్దసారు దర్శనం చేసుకుని, నుదుట బొట్టుతో, చేతిలో పులిహోర పొట్లంతో వచ్చాడు. కుటుంబం కారులో కూర్చుంది. ఎండ ఎక్కువగా ఉంది, త్వరగా కానివ్వమన్నాడు.

ఏర్పాటు ఇది. నేను టేపు పెడతాను. పాట మోగుతుంటే ఆఫీసరు చేతికర్రతో గుడ్డ మీద బొమ్మను చూపిస్తూ నడుస్తాడు. చెవి విన్నదే కన్ను చూస్తుంది. చూసి పెద్దసారు విభాగం పెడతాడు. విభాగంలో నేను కూర్చుంటాను.

బాపు చుట్ట విప్పుతూ గుడ్డను తాడు మీద అడ్డంగా పరిచాడు, పాట ఎడమ కొస నుంచి కుడి కొసకు నడిచేట్టు, పై స్వరాలు పైకి వచ్చేట్టు. ఎర్రటి నేల మీద తెల్లటి గుంపులు. హాల్లో అందరూ "ఆహా" అన్నారు. నేనూ అనబోయి ఆగాను. ఎడమ కొసన గుంపు ఎట్లా కూర్చుందో కుడి కొసన కూడా అట్లాగే కూర్చుని ఉంది. మధ్యలో ఒక గీత పెడితే, ఇటు ఉన్నదే అటు, అద్దంలో చూసినట్టు. పంతులు పాట చరణంలో పైకి పోయి పైనే ముగుస్తుంది. ఈ గుడ్డ సగం దాకా పోయి, ఏదో మరిచిపోయి వచ్చినట్టు వెనక్కి తిరిగింది.

అమ్మ గోడవారగా కూర్చుని ఉంది. వంగి చెవిలో అడిగాను.

"అమ్మా, పడుగు మడిచి కట్టినవా?"

"మడవకుంట ఎట్ల కడ్తర్రా?"

నిజమే. మా దగ్గర నూలును మధ్యకు మడిచే కడతారు. ఒక ముడి వేస్తే రెండు చోట్ల పని అవుతుంది. చీరకైనా రుమాలుకైనా బొమ్మ రెండు పక్కలా ఒకే తీరుగా ఉండటం అందం. మా తాత కాలం నుంచీ అట్లాగే. మడవవద్దని చెప్పాలని ఆఫీసరుకు తోచదు, ఆయనకు మడుస్తారని తెలియదు. నాకు తోచలేదు, ఎందుకంటే మడవకుండా కట్టేవాళ్ళు ఉంటారని నాకు తెలియదు. అన్నం తినేటప్పుడు నోరు తెరవమని ఎవరూ చెప్పరు.

"మరి మిగిలిన సగం కాయితం?"

"గూట్ల పరిచిన. మంచిగ దళసరిగున్నది. అంచులకు బెజ్జాలు గూడ ముద్దుగున్నయి."

అంటే పాట చరణం మా ఇంటి గూట్లో, పచ్చడి జాడీ కింద ఉంది.

ఆఫీసరు నా వైపు తలూపాడు. నేను టేపు పెట్టాను. వేరే దారి లేదు. పంతులు గొంతు హాలంతా నిండింది. ఆఫీసరు కర్ర గుడ్డ మీద కదిలింది. గొంతు లేస్తే కర్ర లేచిన గుంపు మీద ఉంది, గొంతు దిగితే దిగిన గుంపు మీద ఉంది. పెద్దసారు పొట్లం పక్కన పెట్టి ముందుకు వంగాడు. పంతులు నోరు తెరుచుకుని తన పాటను చూస్తున్నాడు. అక్క కూడా ముందుకు జరిగింది. అంత మంచి ఘడియ నా ఉద్యోగంలో మళ్ళీ రాలేదు. అది గుడ్డ మధ్య దాకా ఉంది.

మధ్య దాటాక టేపులో చరణం మొదలైంది. గొంతు పైకి, ఇంకా పైకి. గుడ్డ మీద గుంపు కిందికి. ఆఫీసరు కర్ర రెండడుగులు అలవాటు మీద నడిచి ఆగిపోయింది. ఆయన గుడ్డను చూశాడు, టేపును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. రైలు తప్పిన మనిషి ప్లాట్‌ఫారం వైపు చూసే చూపు.

పెద్దసారు ఇంకా గమనించలేదు. ఇంకో నిమిషం అయితే గమనిస్తాడు. నాకు ఖాళీ గుంత కనిపించింది. ఊడ్చి, నీళ్ళు చల్లి, శుభ్రంగా కనిపించింది. స్విచ్చు నా చేతికి జానెడు దూరంలో ఉంది. ఆపేస్తే కరెంటు పోయిందనుకుంటారు. నా బతుకులో మొదటిసారి ఒక సాహసం చేయబోతున్నాను. చెయ్యి మెల్లగా లేచింది. వేలు స్విచ్చు మీదికి వెళ్ళింది.

కరెంటు పోయింది.

నేను ఆపలేదు. ప్రమాణం చేసి చెబుతున్నాను. మా ఊరి కరెంటు దానంతట అదే పోయింది, రోజూ ఆ వేళకే పోయేది. పంతులు గొంతు సన్నగిల్లి, లావై, చివరికి చూడి బర్రె మూలిగినట్టు మూలిగి ఆగింది. పంతులు ఉలిక్కిపడి తన గొంతు పట్టుకుని చూసుకున్నాడు.

"పరవాలేదు," అన్నాడు పెద్దసారు. "పాడినాయన ఇక్కడే ఉన్నాడుగా. నోటితో పాడించండి."

నా సాహసం అక్కడితో సరి. ఆఫీసరు ఏదో చెప్పబోయాడు. కానీ పంతులు అప్పటికే లేచి నిలబడ్డాడు. పెద్దవాళ్ళు పాడమంటే రెండోసారి అడిగించుకునే మనిషి కాదు.

"ఆడికెళ్ళే ఎత్తుకోవాల్నా సారూ?" అన్నాడు, కర్ర వైపు చూస్తూ.

ఆఫీసరు కర్ర గుడ్డ మీదే ఉంది. తీయడానికి ధైర్యం చాలలేదనుకుంటా. పంతులు కర్ర కొసను చూశాడు, దాని ముందున్న గుంపును చూశాడు, వేళ్ళు అటూ ఇటూ కదిలించుకున్నాడు. తన పాట ఎట్లా పోవాలో ఆయనకు తెలుసు. గుడ్డ ఎట్లా పోతున్నదో కూడా కనిపిస్తున్నది. ఆయన గుడ్డ ప్రకారం పాడాడు. మాటలు వదిలేసి ఉత్త స్వరాలు, వెనక్కి, ఒక్కొక్క మెట్టే. ఆఫీసరు కర్ర కదిలింది. గుట్ట ఎక్కినాయన దర్శనం చేసుకుని దిగుతున్నట్టు పాట దిగింది. కుడి కొసకు వచ్చేసరికి ఎక్కడ మొదలైందో ఆ స్వరం మీదే నిలిచింది. అది ఆయన కట్టిన పాట కాదు. ఎవరు కట్టిందీ కాదు. కానీ వినడానికి ఏ లోటూ అనిపించలేదు.

పంతులు ధోవతి సర్దుకుని కూర్చున్నాడు.

"అద్భుతం," అన్నాడు పెద్దసారు. "వెళ్ళిన దారినే తిరిగి వచ్చింది. ఇది కూడా కంప్యూటరే చేసిందా?"

ఆఫీసరు నోరు తెరిచాడు. అవునంటే అయిపోయేది. విభాగం, నా ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆయన అవుననలేడు, కాదనలేడు. ఆయన తరఫున బాపు అన్నాడు.

"కంపూటరు గాదు సారూ. మడిచి కడితే గట్లనే వస్తది. పాట సగమే ఉన్నది. తతిమ్మ సగం మా ఇంట్ల గూట్లున్నది."

"ఓ బాపూ," అన్నాను.

"ఏందిరా? ఉన్నదే గదా?"

అక్క తల వంచుకుని కార్డుల పెట్టె మూత సరిచేసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నా ఉద్యోగం చెప్పులు వేసుకుని హాలు దాటి వెళ్ళిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

పెద్దసారు లేచి గుడ్డ దగ్గరికి వెళ్ళి రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తర్వాత దాని కొస పట్టుకుని కిటికీ వైపు ఎత్తి, వెలుతురుకు అడ్డం పెట్టి చూశాడు. పాటను అట్లా చూడటం నేను మొదటిసారి చూశాను.

"ఎండ ఆపుతుందా?"

"ఆపుతది సారూ," అన్నాడు బాపు. "దట్టంగ నేసిన."

"యంత్రం గదికి పడమటి ఎండ కొడుతోంది," అన్నాడు పెద్దసారు ఆఫీసరుతో. "ఎంత చల్లగాలి పెట్టినా సాయంత్రానికి వేడెక్కుతోంది. కిటికీలన్నిటికీ ఇదే వేయించండి. రెండు పక్కలా ఒకే తీరుగా ఉంది, కర్టెన్లకు బాగుంటుంది. ఈ పని చూసుకోవడానికి మీ దగ్గర నేత తెలిసిన మనిషి ఎవరైనా ఉన్నారా?"

ఆఫీసరు నా వైపు చూపించాడు. నేను నేసిన తువ్వాలు సంగతి ఆ క్షణంలో ఎవరూ ఎత్తలేదు, అమ్మ కూడా. నాకు అమ్మ మీద గౌరవం పెరిగిన రోజుల్లో అది ఒకటి.

"అయితే ఇతన్ని ఉంచండి," అని పెద్దసారు పులిహోర పొట్లం తీసుకుని కారెక్కాడు.

సంగీతాన్ని చిత్రం చేసే విభాగం రాలేదు. దాని ఊసే ఎవరూ ఎత్తలేదు. నేను మాత్రం ఉండిపోయాను. తర్వాత ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను, జీతం పెరిగింది, జుట్టు తగ్గింది, అందరిలాగే పదవీ విరమణ చేశాను. కంప్యూటర్ రంగంలోకి ఎట్లా వచ్చారని కుర్రవాళ్ళు అడిగినప్పుడు, లెక్కల మీద ఇష్టంతో అని చెబుతుంటాను. కిటికీ నుంచి అని చెబితే మర్యాదగా ఉండదు.

పెద్దసారు కారు దుమ్ము తగ్గాక ఆఫీసరు నన్ను మెల్లగా అడిగాడు. "ఆ మిగిలిన సగం చూడవచ్చా?"

ఇంటికి తీసుకువెళ్ళాను. గూటి ముందు నిలబడ్డాడు. అమ్మ జాడీలు తీయబోతే వద్దని, తానే ఒక్కొక్కటి ఎత్తి, కింద నక్షత్రాలు చూసి, మళ్ళీ అక్కడే పెట్టాడు. చరణం సాగుతున్నట్టు పెదవులు కదిలాయి. ఒకచోట గుంపు కుడి అంచు దాకా పోయింది. సరిగ్గా అక్కడ మామిడికాయ పచ్చడి నూనె గుండ్రంగా అంటి ఉంది.

"తియ్యాల్నా సారూ?" అంది అమ్మ. "ఏరే కాయితం పరుస్త."

"ఉండనివ్వండమ్మా," అన్నాడు. "బాగుంది."

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదని అప్పటికే తేలిపోయింది కాబట్టి నమ్మాను. ఆయన ఆ ప్రోగ్రాంను మళ్ళీ యంత్రం మీద పెట్టలేదు. కార్డులు అక్క దగ్గర చాలాకాలం ఉన్నాయి. ఒకటి రెండు మడిచి, రైలు కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా సందులో దోపడానికి వాడింది. పంతులు మాత్రం ఆ తర్వాత భజనలో పాట చివర వెనక్కి దిగి రావడం మొదలుపెట్టాడు. కొత్త పద్ధతి అని మండలి వాళ్ళు మెచ్చుకున్నారు. ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే, "హైదరాబాదుల మిషనున్నది" అనేవాడు.

తాత గుంత మగ్గంలో మా చిన్నాయన కూర్చున్నాడు. కర్టెన్లన్నీ బాపూ చిన్నాయనా కలిసి నేశారు. అమ్మ మడిచే కట్టింది. కిటికీకి రెండు ముక్కలు, రెండూ ఒకే తీరు. యంత్రం గదిలోకి వచ్చినవాళ్ళు యంత్రం కంటే ముందు వాటినే చూసేవాళ్ళు. వాటి మీద పాట ఉందని ఎవరికీ చెప్పలేదు. చెప్పినా సగమే కదా.

మొదటి ఏడు గడిచాక ఉతికించాం. ఒక్కొక్కటి జానెడు పొట్టిదైపోయింది. కింద ఖాళీ విడిచి, సాయంత్రం ఎండ నేరుగా యంత్రం కాళ్ళ మీద పడింది. అంచులు విప్పి, కింద ఖాకీ గుడ్డ అతుకు వేయించాను. నూలు కర్టెన్లు కుట్టించేవాళ్ళు ముందు గుడ్డను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, ఆరేసి, ఆ తర్వాత కొలవండి.